ఆ నాలుగు పేజీలు

పోయినేడు మా అమ్మమ్మ సంవత్సరీకానికి ఒక చిన్న పుస్తకం వేశాం. 64 పేజీలు, 300 కాపీలు. అమ్మమ్మ అయిదో తరగతి దాకా చదువుకుంది. తాతయ్య ఎరువుల దుకాణంలో వాడి పారేసిన పద్దుల పుస్తకాల వెనక పేజీల్లో పెళ్ళిపాటలు, మంగళహారతులు రాసుకునేది. ఆవకాయ కొలతలు, ఏ పెళ్ళికి ఎవరికి ఏ చీర పెట్టిందో లెక్కలు, మధ్యమధ్యలో తనకు తోచిన నాలుగు మాటలు కూడా ఉండేవి. పిల్లలందరిలో తెలుగు సాహిత్యం చదివి డాక్టరేటు తెచ్చుకున్నదాన్ని నేనే కాబట్టి పుస్తకం పని నా మీద పడింది. సంతోషంగానే ఒప్పుకున్నాను.

భోజనాలయ్యాక వచ్చినవాళ్ళందరికీ తాంబూలంతో పాటు పుస్తకం ఇచ్చారు. మా చిన్నమ్మమ్మ, అంటే అమ్మమ్మ చెల్లెలు, వరండాలో కుర్చీ వేయించుకుని, భూతద్దం పెట్టుకుని ఒక్కో పేజీ చదివింది. సాయంత్రం నేను బయల్దేరుతుంటే దగ్గరికి పిలిచి, "ఏవే, మా అక్క కాపురం సంగతి రాసుకుంది, అది లేదేమే ఇందులో?" అంది. ఆ పేజీల సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసని అనుకున్నాను. చిన్నమ్మమ్మకి అమ్మమ్మే చదివి వినిపించిందట, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, తలుపులు వేసుకుని. నేను ఏదో గొణిగాను. ఆవిడ ఇంకేం అడగలేదు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

లేనివి నాలుగు పేజీలు. వాటిని తీసేసింది నేనే.

ఎలా తీశానో చెప్పాలి. జిరాక్సు కాపీ పెట్టుకుని టైపు చేస్తున్నప్పుడు ఆ పేజీలు వచ్చాయి. చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అందులో ఎవరి నేరమూ లేదు, రంకూ లేదు. ఒక ఆడమనిషి తన కాపురం గురించి తాను నిజంగా ఏమనుకుందో ఉంది. అంతే. అమ్మకి చూపించాను. అమ్మ చదివి పెద్దమామయ్యకి చూపించమంది. మామయ్య రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "అమ్మలూ, నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలీదని కాదు. కానీ ఆవిడ మాకు అమ్మ, ఆయన మాకు నాన్న. సంవత్సరీకం నాడు అందరి చేతిలో ఇది పెడతావా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే వాదించేదాన్నేమో. ఆ రాత్రే ఫైలు తెరిచి ఆ భాగం ఎంచుకుని, డిలీట్ నొక్కి, పేజీ నంబర్లు సరిచేసుకున్నాను. అతుకు ఎక్కడా కనబడలేదు. చక్కగా వచ్చిందని మామయ్య మెచ్చుకున్నాడు కూడా.

ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం మొత్తం బెంగుళూరు నాగరత్నమ్మ మీద రాశాను. ముద్దుపళని 'రాధికాసాంత్వనం' కావ్యాన్ని కత్తిరించినవాళ్ళని అందులో ఏకిపారేశాను.

ఆ కథ మనలో చాలామందికి తెలిసిందే. అయినా ఒకసారి మళ్ళీ చెప్పుకోవాలి, ఎందుకంటే నేను దాన్ని చదివినట్టే చదివి అసలు సంగతి వదిలేశానని ఇప్పుడు అనిపిస్తోంది.

ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కవయిత్రి, భోగం స్త్రీ. 'రాధికాసాంత్వనం' 584 పద్యాల శృంగార కావ్యం. రాధ తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. మొదటి రాత్రికి ఇద్దరికీ బుద్ధులు చెప్పి పంపిస్తుంది. ఆ తరవాత ఆ ఎడబాటు భరించలేక అలుగుతుంది. కృష్ణుడు వచ్చి ఆమెను బతిమాలుకుంటాడు. అందరి మంచీ చూసి ఇవ్వాల్సింది ఇచ్చేసిన ఆడదానికి లోపల ఏమవుతుందో ఆ కావ్యం చెబుతుంది. ఆమె కోరికనీ, అసూయనీ, కోపాన్నీ దాచకుండా చెబుతుంది.

ఆ కావ్యం 1887లో వెంకటనరసు పరిష్కరణతో అచ్చయింది. తరవాత నాగరత్నమ్మ చేతికి ఒక రాతప్రతి వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అచ్చు పుస్తకంలో కొన్ని పద్యాలు లేవు. పీఠిక కూడా లేదు. పీఠికలో ముద్దుపళని తన వంశం చెప్పుకుంది. మన కావ్యాల్లో కవి అవతారికలో తండ్రినీ తాతనీ చెప్పుకోవడం రివాజు. ఈమె తన ఇంటి ఆడవాళ్ళను చెప్పుకుంది. వాళ్ళలో తంజనాయకి సంగీత సాహిత్యాలు తెలిసిన మనిషి.

శృంగారం పచ్చిగా ఉందని పద్యాలు తీసేశారంటే ఆ వాదన ఏమిటో కనీసం అర్థమవుతుంది. పీఠికలో ఏం పచ్చిదనం ఉంది? ఒక ఆడమనిషి నేను ఫలానా ఆడవాళ్ళ వంశంలో పుట్టాను, ఫలానా విద్య నేర్చాను, నన్ను పెద్దలు గౌరవించారు అని చెప్పుకోవడమే ఉంది. తన గురించి తాను చెప్పుకున్న భాగమే పోయింది. థీసిస్ రాసే రోజుల్లో ఈ వాక్యం రాసి కింద గీత కూడా గీశాను. మా అమ్మమ్మ పుస్తకంలోంచి నేను తీసేసింది కూడా సరిగ్గా ఆ భాగమే. పాటలు ఉంచాను, ఆవకాయ ఉంచాను, చీరల లెక్క ఉంచాను. తన గురించి తాను చెప్పుకున్నది తీసేశాను.

నాగరత్నమ్మ తన ప్రతిని 1910లో వావిళ్ళ వారి ద్వారా ప్రచురించింది. ముందుమాటలో వీరేశలింగం గారికి జవాబు చెప్పింది. ఆయన తన కవుల చరిత్రలో ముద్దుపళనిని వేశ్యగా ఎంచి, ఆ కావ్యంలో కొన్నిచోట్ల ఉన్నవి ఆడదాని నోట రాకూడనివని తేల్చేశారు. సిగ్గు అనేది ఆడవాళ్ళకేనా, మగకవులకి వర్తించదా అని ఆవిడ నిలదీసింది. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని అశ్లీలమని నిషేధించింది. పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. టంగుటూరి ప్రకాశం గారి చొరవతో 1947లో నిషేధం తొలగింది. కొత్త ముద్రణ 1952లో వచ్చింది. నాగరత్నమ్మ పోయింది కూడా ఆ యేడే, మే నెలలో.

నా అధ్యాయంలో వీరేశలింగం గారిని దుర్మార్గుడిగా నిలబెట్టాను. ఇప్పుడు అలా రాయను. ఆయన 1881లో తొలి వితంతు వివాహం జరిపించిన మనిషి. ఆడపిల్లల చదువు కోసం బళ్ళు పెట్టి, పత్రిక నడిపి, జీవితమంతా తిట్లు తిన్న మనిషి. అలాంటివాడికి ముద్దుపళని ఎందుకు మింగుడుపడలేదు? ఆడవాళ్ళకి చదువు చెప్పిస్తే చెడిపోతారని ఊరంతా అంటున్న రోజులవి. చదువుకున్న ఆడది సచ్ఛీలంగా ఉంటుందని ఆయన ఊరికి హామీ ఇస్తున్నాడు. చదువుకుని, కావ్యం రాసి, అందులో తన ఒంటి సంగతి రాసుకున్న ఆడది ఆ హామీకి అడ్డం వస్తుంది. ఆయన కాపాడాలనుకున్నది స్త్రీలనే. కానీ కాపాడే క్రమంలో ఒక స్త్రీ మాటని బలి ఇచ్చాడు. మా మామయ్య కూడా అమ్మ గౌరవాన్నే కాపాడాననుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. మనకి ఇష్టం లేనివాళ్ళ నోరు మనం ఎలాగూ నొక్కగలం, కానీ ప్రేమగా, గౌరవంగా, వాళ్ళ మంచి కోరే నొక్కేవాళ్ళం కూడా ఉంటాం. ఆ రెండోదాన్ని గుర్తుపట్టడం చాలా కష్టం.

ఇక్కడ భండారు అచ్చమాంబ గురించి మాట్లాడాలి. వీరేశలింగం గారిని అనడం సులువు. అచ్చమాంబ మన మనిషి.

ఆవిడ 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ప్రచురించింది. ఎక్కడెక్కడి గ్రంథాలో వెతికి, తెలుగుతో పాటు హిందీ, మరాఠీ కూడా నేర్చుకుని, గతంలోని స్త్రీల చరిత్రలు కూర్చింది. ఆడవాళ్ళు బలహీనులు, తెలివిలేనివాళ్ళు, చదివిస్తే చెడతారు అనే మాటలు అబద్ధమని చూపించడం ఆవిడ ఉద్దేశం. స్త్రీల చరిత్రని ఒక స్త్రీ ఇంత పట్టుదలగా రాయడం మనకి అదే మొదలని చెప్పుకోవచ్చు. పేరులోనే 'సచ్చరిత్ర' అని ఉంది చూడండి. చరిత్ర కాదు, సత్ చరిత్ర. ఆరోపణ తలుపు దగ్గర నిలబడి ఉన్నప్పుడు మంచి సాక్షులనే తెచ్చుకుంటాం. ఆవిడని నేను తప్పు పట్టను. 1901లో నేనుంటే నేనూ అదే చేసేదాన్ని, ఆవిడలో పదోవంతు కూడా చేయగలిగేదాన్ని కానేమో.

కానీ సాక్షికి ఒక ఇబ్బంది ఉంది. అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పాలి. నువ్వు మంచిదానివేనా అన్న ప్రశ్నకి జవాబు చెబుతూ పోతే, నీకేం కావాలి, నీకేం కోపం అన్నవి ఎవరూ అడగరు, చెప్పే చోటూ ఉండదు.

విచిత్రమేమిటంటే ఇప్పుడు మనం అచ్చమాంబని కూడా సచ్చరిత్రలో కలిపేశాం. ఇది నాకు మా డిగ్రీ పిల్లల వల్ల తెలిసింది. ఒకరోజు క్లాసులో అచ్చమాంబ గురించి చెప్పాను. 1874లో పుట్టింది, ఆరో ఏట పెళ్ళి, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని చదువు నేర్చుకుంది, కన్న బిడ్డలు పోయారు, ఆ దుఃఖంలోనే రాసింది, స్త్రీ సమాజాలు పెట్టింది, ప్లేగు రోగులకి సేవ చేస్తూ 1905 జనవరిలో 30 ఏళ్ళకే పోయింది. పిల్లల కళ్ళు చెమర్చాయి. బాగా చెప్పానని నాకూ తృప్తిగా అనిపించింది. అప్పుడు వెనక బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, ఆవిడకి ఎప్పుడూ కోపం రాలేదా?" అని అడిగింది.

నాకు జవాబు దొరకలేదు. గంట క్లాసులో యాభై నిమిషాలు ఆవిడ పడ్డ కష్టాలకీ, చేసిన త్యాగాలకీ పోయాయి. ఆవిడ రాసినవాటికి మిగిలింది పది నిమిషాలు. ఆ పదీ కూడా 1902లో 'హిందూసుందరి'లో వచ్చిన 'ధనత్రయోదశి' మొదటి కథా, 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' మొదటి కథా అన్న చర్చకే సరిపోయాయి. ఆ కథలో ఏముందో చెప్పనేలేదు. చెప్పడానికి కాస్త మొహమాటం కూడా ఉంది. పేదరికంలో ఉన్న భర్త దొంగసొమ్ము ఇంటికి తెస్తే భార్య వద్దని, అతని తప్పు దిద్దుతుంది. నీతి గల ఇల్లాలి కథ. మన స్త్రీవాద కొలతలకి అది ఇరుకుగానే ఉంటుంది. అందుకని మనం తేదీ గురించి మాట్లాడతాం, కథ గురించి మాట్లాడం. ఆవిడ నుంచి మనకి ఇబ్బంది కలిగించే భాగాన్ని మనమూ నెమ్మదిగా పక్కకి నెట్టేస్తాం. అదీ ఒక కత్తిరింపే. వీరేశలింగం గారికి ముద్దుపళని మరీ విశృంఖలంగా కనిపించింది, మనకి అచ్చమాంబ మరీ పద్ధతిగా కనిపిస్తుంది. మన అభిరుచికి తగ్గట్టు లేని ఆడమనిషిని సర్దేసే అలవాటు మాత్రం అదే.

శ్రీనాథుడి చాటువులు చెప్పుకుని సభలో నవ్వుకున్నప్పుడు ఎవరూ ఆయనకి మంచి నడవడి సర్టిఫికెట్ అడగరు. 'కాశీఖండం' రాసినవాడే ఇవీ చెప్పాడంటే, మహానుభావుడు, అన్నీ తెలిసినవాడు అంటాం. రచయిత్రి విషయంలో ముందు జీవితం చూస్తాం. అది కన్నీళ్ళు పెట్టించేలా ఉంటే సరే, లేకపోతే అనుమానిస్తాం. ఆ తరవాతే రచన దగ్గరికి వెళతాం, తీరిక ఉంటే.

అయితే ఇదంతా ఒప్పుకున్నా నా సమస్య తీరలేదు. ముద్దుపళని పోయి 200 ఏళ్ళు దాటింది. ఆమె పద్యాల వల్ల నొచ్చుకునే కొడుకెవడూ ఇవాళ లేడు. మా మామయ్య ఉన్నాడు. 70 దాటిన మనిషి. పొద్దున్నే తండ్రి ఫోటోకి దండం పెట్టుకుని గాని కాఫీ తాగడు. నా అమ్మమ్మ మాట నాకెంత ముఖ్యమో ఆయన నాన్న ఆయనకంత ముఖ్యం. పోయినవాళ్ళ మాట కోసం బతికున్నవాళ్ళని బాధపెట్టవచ్చా? సాహిత్యం పేరు చెప్పి ఏదైనా చేయవచ్చని నేను అనుకోను. పరిశోధకులకి కూడా ఒక దురాశ ఉంటుంది. దొరికిన కాగితం అచ్చులో పడేదాకా నిద్ర పట్టదు. ఆ దురాశకి మనం సత్యం అని పేరు పెట్టుకుంటాం.

ఈ ప్రశ్న దగ్గర నాకు సిల్వియా ప్లాత్ డైరీలు గుర్తొచ్చాయి. ఆమె 1963 ఫిబ్రవరి 11న లండన్లో ఆత్మహత్య చేసుకుంది. అప్పటికి భర్త, కవి టెడ్ హ్యూస్ వేరొకరితో ఉంటున్నాడు. ఇద్దరు చిన్న పిల్లలు. ఆమె రాతప్రతులన్నీ అతని చేతికే వచ్చాయి. 1982లో ఆమె డైరీలు కొంత భాగం అచ్చయినప్పుడు, చివరి రోజుల నోట్‌బుక్కులు రెండింటిలో ఒకటి కనబడకుండా పోయిందని, రెండోదాన్ని, పిల్లలు చదవకూడదని తానే నాశనం చేశానని ముందుమాటలో రాశాడు. మరో రెండు డైరీలని 2013 దాకా తెరవకూడదని సీలు వేయించాడు. తాను పోయే ముందు, 1998లో, ఆ సీలు తానే తీయించాడు. 2000లో అవి సంపూర్ణ ప్రతిలో అచ్చయ్యాయి.

హ్యూస్ మీద స్త్రీవాదులకి ఉన్న కోపం నాకూ ఉంది. అది పక్కన పెట్టి, ఆ రెండు పనులని మాత్రం చూడండి. చేసిన మనిషి ఒకడే. చెప్పుకోగలిగిన కారణమూ ఒకటే, పిల్లలు, బతికున్నవాళ్ళు. సీలు వేసిన డైరీలు ఆలస్యంగానైనా మన చేతికి వచ్చాయి. నాశనం చేసింది ఎప్పటికీ రాదు. ఆ పిల్లలు పెరిగి పెద్దయ్యాక, అమ్మ రాసింది చదవాలో వద్దో తామే నిర్ణయించుకునే అవకాశం కూడా దాంతోపాటే పోయింది.

దాచడం వేరు, కోయడం వేరు. దాచేవాడు ఇప్పుడు కాదు అంటాడు. కోసేవాడు ఎప్పటికీ కాదు అంటాడు, పైగా అక్కడేమీ లేదన్నట్టు అతుకు నున్నగా దిద్దుతాడు. నేను చేసిన తప్పు మామయ్య మాట వినడం కాదని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆయన మాట విని ఆ పేజీలు అప్పటికి ఆపి ఉండవచ్చు. పేజీ నంబర్లు సరిచేయడం తప్పు. 'ఇక్కడ నాలుగు పేజీలు ఇవ్వడం లేదు' అని ఒక్క వాక్యం వేసి ఉంటే చిన్నమ్మమ్మ నన్ను అలా అడిగి ఉండేది కాదు. ఆ వాక్యం మామయ్య పరువు తీసేది కాదు, అమ్మమ్మ నోరు నొక్కేదీ కాదు. ఇక్కడ ఒక మనిషి ఇంకా ఏదో అంది, అది వినే రోజు ఒకటుంది అని చెప్పేది.

నాగరత్నమ్మ దగ్గర నేను వదిలేసిన పాఠం ఇదే. ఆవిడ చేసిన పనిలో ధైర్యం ఉంది, వాదం ఉంది, నిజమే. కానీ అన్నిటికన్నా ముందు ఆవిడ చేసింది రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి, ఏది లేదో చూడడం. ఎక్కడో ఎవరో ఒక రాతప్రతిని చింపకుండా ఉంచారు కాబట్టి ఆ పని సాధ్యమైంది. వాళ్ళు ఆ కావ్యాన్ని మెచ్చుకునే ఉంచారో, ఊరికే ఉంచారో. ఉంచారు. మన ముందు తరాల స్త్రీల రచనలు చాలామటుకు నిషేధాల వల్ల పోలేదు. పెట్టెలు సర్దుతూ, ఇల్లు మారుతూ, ఎవరికీ చెడ్డపేరు రాకుండా చూస్తూ పోగొట్టారు. ఆ పని చేసినవాళ్ళలో ఆడవాళ్ళమూ ఉన్నాం.

కిందటి నెల ఊరు వెళ్ళి మామయ్యని కలిశాను. ఆ పద్దుల పుస్తకం ఎక్కడుందని అడిగాను. బీరువాలో, అమ్మ పట్టుచీరల మధ్య ఉందన్నాడు. "నన్ను నమ్మలేదా ఏంటి, చింపేస్తానని?" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ భయంతోనే వెళ్ళాను. ఆ మాట ఒప్పుకున్నాను. అప్పుడు ఆయన లేచి వెళ్ళి పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. అట్టలు ఊడిపోయాయి. ఆ నాలుగు పేజీల దగ్గర ఒక మూల మడిచి ఉంది. జిరాక్సు తీసినప్పుడు ఆ మడత లేదు.

"చాలాసార్లు చదివాను. నేను పోయాక నీ ఇష్టం," అన్నాడు.

సరేనన్నాను. అందుకే ఆ పేజీల్లో ఏముందో ఇక్కడ రాయలేదు. కానీ ఉన్నాయని రాస్తున్నాను. నా దగ్గర మిగిలిన 40 కాపీల్లోనూ 31వ పేజీ కింద నా చేత్తోనే ఒక వాక్యం రాశాను, ఇక్కడ నాలుగు పేజీలు ఆగి ఉన్నాయని, ఆపింది నేనని. మొదటి కాపీ చిన్నమ్మమ్మకి పంపాను. ఫోన్ చేసి, "అందింది," అంది. కాసేపాగి, "నాకు 84 ఏళ్ళే. అంతదాకా ఆగలేను. ఈసారి వచ్చినప్పుడు నువ్వే చదివి వినిపించు, తలుపులేసుకుందాం," అంది.

వచ్చే వారం వెళుతున్నాను.